తుపాకి బేరం

ఆడవాళ్లకు చీర బేరం తెలుసు, బంగారం బేరం తెలుసు, ఇత్తడి బిందె బేరమూ తెలుసు. ముప్పైయేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయిన నావంటి పంతులమ్మకు తుపాకి బేరం తటస్థపడుతుందని మాత్రం ఎవరనుకుంటారు? కానీ పడింది. అదీ ఏ సర్కారు వేలంలోనో కాదు, మా చిన్నాయన ఇంటి వసారాలో, శెనక్కాయలు వలుచుకుంటూ.

మా చిన్నాయన ఊరు ముదిగుబ్బకు దాపున. ధర్మవరం నుంచి పాకాల పోయే రైలుదారిలో, కదిరికి ముందు వస్తుంది ముదిగుబ్బ. మొన్న మొన్నటి దాకా అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారింది గాని వాన లెక్క మారలేదు. ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ దేవుడు లెక్క తప్పకుండా ఇచ్చినప్పుడు. ఈ వానకు ఎర్రనేలలో పండేది వేరుశనగ ఒకటే. దాన్ని మా వైపు శెనక్కాయ అంటాం. జూన్, జూలైలలో విత్తితే దసరా దాటేసరికి కాయ ముదురుతుంది. సరిగ్గా అప్పుడే కొండ మీద సీతాఫలాలూ పండుతాయి. కాయకు పంది వస్తుంది, పండుకు ఎలుగుబంటి వస్తుంది. రెండింటికీ మధ్య మంచె మీద మా తమ్ముడు ఉంటాడు.

తమ్ముడంటే చిన్నాయన కొడుకు. బెంగుళూరులో ఓ కంపెనీలో కొంతకాలం పనిచేసి, అద్దెలు కట్టలేకనో, తండ్రి ఒంటరిగా సేద్యం చేయలేడనో, పెళ్లాన్నీ బిడ్డనూ తీసుకుని ఊరు చేరాడు. మంచి పని చేశాడనే అందరం అనుకున్నాం. నిరుడు కార్తీకంలో తెల్లవారుజామున కొండ అంచున గొర్రెల కాపరి ఒకాయన మీద ఎలుగుబంటి పడింది. ప్రాణం దక్కింది గాని ఒక కన్ను పోయింది. ముఖం నిండా కుట్లు. ఆ కాపరి మా వాళ్ల చేని గట్టు మీద ఎన్నోసార్లు సద్ది తిన్న మనిషి. అప్పటి నుంచి మా మరదలికి రాత్రిళ్లు నిద్ర లేదు. మొగుడు మంచె మీద, తాను ఇంట్లో. అడవి వైపు కుక్క మొరిగితే చాలు, లేచి కూర్చునేది.

ఆ పరిస్థితిలో తమ్ముడు ఒక నిర్ణయానికి వచ్చాడు. “అక్కా, నడుముకు కట్టుకునే రివాల్వరు ఒకటి కావాల. నాయన తుపాకి ఒక్కసారి పేలితే అంతే. రెండోసారికి నా చేతిలో ఏముంటాది?” అన్నాడు. పరదేశాల్లో వేటకు పోయేవాళ్లు చేతిలో రైఫిలు కాక, నడుముకు ఇంకోటి కట్టుకుంటారట. ఎలుగుబంటి మీదపడితే దాన్ని తీస్తారట. సెల్లుఫోనులో బొమ్మలు కూడా చూపించాడు. తక్కువ ధరలో ఏది దొరుకుతుందో, దానికి కాగితాలేమి కావాలో చూసి పెట్టమని నా పని. చదువుకున్న ఆడపడుచు ఉంటే ఇదొక సుఖం చూడండి, కలెక్టరాఫీసు కాగితం దగ్గర్నుంచి తుపాకి దాకా ఆమె చదివి పెట్టాలి.

నవ్వడానికి వీల్లేకుండా మా మరదలు పక్కనే నిలబడి, “వదినా, ధర ఎంతయినా చూడు. నా గొలుసు ఉండనే ఉండాది” అంది. ఆ గొలుసు ఆమె పుట్టింటివాళ్లు రెండు కరువుల మధ్య కూడబెట్టి పెట్టింది. అందుకని నేను ఈ సంగతిని తమాషాగా తీసుకోలేదు.

ముందుగా చిన్నాయన తుపాకి సంగతి చెప్పాలి. అది నాటు తుపాకి. గొట్టం మూతి వైపు నుంచి మందు కూరేది. కొలతగా మందు పోసి, కొబ్బరిపీచు కుక్కి, ఇనుప గజంతో దట్టించి, ఆపైన రవ్వలు పోసి, మళ్లీ పీచు కుక్కి, చివరికి కేపు తొడిగితే అప్పుడది పేలడానికి సిద్ధం. పట్టపగలు, నేల మీద కూర్చుని, తొందర లేకుండా చేస్తేనే ఇదంతా ఓ నిమిషం పని. చీకట్లో, చేతులు వణుకుతుంటే ఎంతసేపో మీరే ఊహించుకోండి. మా తమ్ముడి వాదంలో బలం లేకపోలేదు.

ఆ బలం మా అబ్బకూ తెలుసు. మా వైపు తాతను అబ్బ అంటాం. వేట మీద నిషేధం లేని రోజుల్లో ఆయన ఇదే తుపాకితో కుందేళ్లనూ, గౌజుపిట్టలనూ, ఒకటి రెండు సార్లు పందినీ కొట్టినవాడు. ఎప్పుడూ తుపాకి ఒక్కటే పట్టుకుని బయలుదేరలేదట. వెనక నడుములో వేటకొడవలి ఉండి తీరాల్సిందే. తుపాకి ఖాళీ అయితే చేతికి రావలసింది అదే. అంటే పరదేశీయుల పక్క తుపాకి మనకు తెలియని సంగతేం కాదు. దానిలోని ఆలోచన మన దగ్గరా ఉంది, ఇనుములోనే తేడా. ఇంకా వెనక్కి పోతే, మా జిల్లాలోనే ఉన్న లేపాక్షి గుడి కప్పు మీద ఆ కథ రంగుల్లో ఉంది. ఒకే పందికి అర్జునుడూ, కిరాతుడి వేషంలో ఉన్న శివుడూ బాణాలు వేసి, నాదంటే నాదని తగువు పడ్డారు. అర్జునుడి అమ్ములపొది ఖాళీ అయింది. వింటితో కొట్టాడు, అది పోతే కత్తి, కత్తీ పోతే ఉత్త చేతులు. గాండీవం పట్టినవాడికే పక్క ఆయుధం అవసరమయిందంటే, వేరుశనగ రైతు అడగడంలో తప్పేముంది?

కాబట్టి ఓపికగా కూర్చుని చదివాను. చదివిన కొద్దీ నా చేతి లెక్కల పుస్తకం పెద్దదయింది.

మన దేశంలో మామూలు మనిషికి దొరికే చేతి తుపాకులు తక్కువ. పోలీసులు, సైన్యం వాడే 9 ఎం.ఎం. వంటివి మనకు ఇవ్వరు. మిగిలినవాటిలో ఎక్కువగా కనిపించేది .32 రివాల్వరు. కాన్పూరులోని సర్కారు ఫ్యాక్టరీలో చేస్తారు. ఆరు తోటాలు పడతాయి. 2014 జనవరిలో అక్కడే ‘నిర్భీక్’ అని ఒకటి విడుదల చేశారు. ఆడవాళ్ల చేతిసంచిలో పట్టేటట్టు, అరకిలో బరువు ఉండేటట్టు చేశామన్నారు. ధర 1,22,360 రూపాయలు. అది 2014 నాటి ధర సుమండీ. దాని గుండు సరిగా పనిచేసే దూరం సుమారు 50 అడుగులు. ఆ చేతిసంచి మాట చదివి నాకు నవ్వు వచ్చింది. అరకిలో ఇనుమూ, దానికి లక్ష పైచిలుకు ధరా! ఏ చేతిసంచిని ఉద్దేశించి చేశారో గాని, మా ఇళ్లలో ఆడవాళ్ల సంచుల్లో ఇంటి తాళంచెవులూ, కొత్తిమీర కట్టా తప్ప ఇంకేమీ పట్టవు.

ఈ అంకెను చిన్నాయన ముందు పెట్టాను. ఆయన అప్పటికి మాట్లాడకుండా కాయలు వలుస్తున్నాడు. తల ఎత్తి, “లచ్చా ఇరవైయా?” అన్నాడు. తరువాత లెక్క కట్టడం మొదలుపెట్టాడు. ఆ డబ్బుకు ఎన్ని మూటల విత్తనం వస్తుందో, ఎన్ని ఎకరాలకు సరిపోతుందో, అదంతా పండితే ఎంత, ఎండితే ఎంత. పండితే ఎంత అన్న చోట ఆగిపోయాడు. మా వైపు రైతులు పండితే అన్న మాటను గట్టిగా అనరు, దేవుడు వింటాడని.

ఆ తరువాత అసలు మాట అన్నాడు. “ఆ చిన్న గొట్టంతో పందిని కొడితే, అది వెనక్కి తిరిగి ‘ఎవురప్పా గిల్లింది?’ అని చూస్తాది.”

ఆయన తమాషాకు అన్న మాట కాదది. ముదురు మగపందికి భుజాల మీద, చర్మం కింద, కవచం వంటి గట్టి పొర ఉంటుంది. సాటి పంది కోరలు దిగకుండా ప్రకృతి ఇచ్చిన అంగీ. .32 గుండు మనిషిని దృష్టిలో పెట్టుకుని చేసింది, దానికి ఈ అంగీ సంగతి తెలియదు. పరదేశపు వేటగాళ్లు అడవిలో నడుముకు కట్టుకునేవి దీనికి ఎన్నో రెట్లు బలమైనవి, అవి ఇక్కడ దొరకవు. దొరికినా రాత్రివేళ, పరుగెత్తివచ్చే జంతువును, అలవాటులేని చేతితో కొట్టాలి. సాధన చేద్దామా అంటే లైసెన్సులో ఏడాదికి ఇన్ని తోటాలని లెక్క ఉంటుంది. బెంగుళూరులో ఉండి చిత్తూరు జిల్లా చామల లోయ దాకా వచ్చి పులులను వేటాడిన కెన్నెత్ ఆండర్సన్ దొర ఉండేవాడు. 1954లో ఆయన వేట పుస్తకం వచ్చింది. ఆయన జీవితమంతా నమ్ముకున్నది .405 విన్‌చెస్టర్ రైఫిలు. అంత అనుభవం ఉన్నవాడు అంత పెద్ద తుపాకిని నమ్మితే, మా తమ్ముడు బొటనవేలంత గుండును నమ్మడమేమిటని నాకు అనిపించింది.

అయినా తమ్ముడు తగ్గలేదు. “ఏమీ లేనిదానికంటే అదైనా ఉంటాది కదక్కా” అన్నాడు. భయపడినవాడి మాటకు జవాబు చెప్పడం కష్టం. ఆ మాటలో తర్కం లేకపోయినా ప్రాణం ఉంటుంది.

అందుకే చట్టం దగ్గరికి వచ్చాను. 1959 ఆయుధాల చట్టంలో ఒక విచిత్రం ఉంది. ఈ చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. పంట కాపలాకు నిజంగా కావలసినవాడికి మూతి నుంచి మందు కూరే తుపాకి లైసెన్సు ఇవ్వవలసిందే అని అందులో రాశారు. అది చాలదని అధికారికి తోస్తే 20 అంగుళాలకు తగ్గని గొట్టం గల, లోపల గాళ్లు లేని తుపాకి ఇవ్వవచ్చు. అంటే మామూలు 12 బోరు తుపాకి. రివాల్వరుకు ఆ మర్యాద లేదు. అది అధికారి విచారణ మీద, పోలీసు రిపోర్టు మీద, నీకు ప్రాణభయం ఉందని నువ్వు రుజువు చేసుకోవడం మీద ఆధారపడుతుంది. ఎలుగుబంటి నన్ను బెదిరిస్తోందని అర్జీ రాస్తే ఏ ఆఫీసులోనైనా ముందు అర్జీని పక్కవాళ్లకు చూపించి నవ్వుకుంటారు, తరువాతే ఫైలు కడతారు.

చట్టం రాసినవాళ్లు దిల్లీలో కూర్చుని రాసినా, చేను గురించి ఎవరో తెలిసినవాళ్లు పక్కన ఉండే ఉంటారు. రైతు చేతికి చట్టం సుళువుగా ఇచ్చేది కట్టకడపటి పాతరకం తుపాకినే. మొదట నాకు అది పేదవాడికి పాత చొక్కా దానం చేసినట్టు తోచింది. చిన్నాయన చెప్పగా విన్న తరువాత అలా తోచలేదు.

ఆయన చెప్పింది ఇది. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక, అందులోనూ 1991 సవరణ తరువాత, వేట అన్నది మన దేశంలో లేదు. తుపాకి లైసెన్సు ఉంది కదా అని పందిని కొట్టకూడదు. పంటకో ప్రాణానికో ముప్పయితే అటవీశాఖ పెద్దలు అనుమతి ఇవ్వవచ్చు. కేరళలో 2022 నుంచి పంచాయతీ అధ్యక్షులకే ఆ అధికారం అప్పగించారు. బీహారులో 2016లో నీలిగాయ్‌లను కాల్చడానికి హైదరాబాదు వేటగాడు నవాబ్ షఫత్ అలీ ఖాన్‌ను పిలిపించుకున్నారు. మన చేని మీద పడ్డ పందికి అటువంటి నవాబుగారు ఎప్పుడు వస్తాడు? మీద పడ్డ జంతువును ప్రాణరక్షణ కోసం చంపితే నేరం కాదని చట్టమే అంటుంది గాని, అది ఆఖరి క్షణం మాట. మిగతా రాత్రంతా రైతుకు కావలసింది చంపడం కాదు, తరమడం. తరమడానికి రవ్వలు అక్కరలేదు. గొట్టంలో మందు పోసి, పీచు కుక్కి, ఆకాశం వైపు పేలిస్తే చాలు. రాతికొండల్లో ఆ చప్పుడు రెండు మూడు సార్లు తిరిగి వస్తుంది. పందుల మంద ఆ రాత్రికి ఇంకొకరి చేను చూసుకుంటుంది.

“రివాల్వరు శబ్దం ఎంతుంటాది? టప్పుమంటాది. నా తుపాకి దుమ్మంటాది” అన్నాడు చిన్నాయన. ఆయన ముఖంలో అప్పుడు కనిపించిన గర్వం, పెద్దకొడుక్కి ఫస్టు క్లాసు వచ్చినప్పుడు కూడా నేను చూడలేదు.

ఇంకో చవక ఆయుధం ఉంది, అది చెప్పడానికే నాకు ఒళ్లు జలదరిస్తుంది. కొందరు చేని చుట్టూ తీగ కట్టి కరెంటు పెడతారు. ఖర్చు దాదాపు లేదు. పంది చస్తుంది. ఒక్కోసారి పొద్దున్నే నీళ్లు కట్టడానికి వచ్చిన పక్కచేని మనిషి చస్తాడు, కట్టుకున్నవాడే మరిచిపోయి చస్తాడు. పత్రికల్లో ఈ వార్త ఎన్నిసార్లు చదవలేదు మనం? తమ్ముడు ఒకసారి ఆ మాట ఎత్తబోతే చిన్నాయన చేతిలో ఉన్న చేట కింద పెట్టి, “ఆ తీగ కడితే ఈ ఇంట్లో సంగటి లేదు నీకు” అన్నాడు. ఆ మాట మళ్లీ రాలేదు.

పంది సంగతి తేలింది. ఎలుగుబంటి మిగిలింది. మా మరదలి నిద్ర చెడగొట్టింది పంది కాదు కదా. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు కొండల్లో ఎలుగుబంట్లు ఊళ్లలోకి రావడం తరచు వింటూనే ఉంటాం. పొరుగున బళ్లారి దగ్గర దరోజిలో 1994లో వాటికి అభయారణ్యమే పెట్టారు. ఎలుగుబంటికి ముక్కు చురుకు గాని చూపు మందం. చెదపుట్ట తవ్వుతూనో పండు తింటూనో ఉంటే మనిషి దగ్గరికి వచ్చేదాకా గమనించదు. గమనించేసరికి మనిషి నాలుగడుగుల్లో ఉంటాడు. అదీ భయపడుతుంది, భయంతో మీద పడుతుంది. కన్ను పోయిన కాపరి కూడా ఆ రోజు మంచులో చప్పుడు లేకుండా, గొర్రెల ముందు నడిచాడట. నాలుగడుగుల్లో ఉన్న జంతువు మీదికి దూకితే, నడుము దగ్గరి తిత్తి గుండీ విప్పి, తుపాకి తీసి, గురిపెట్టే వ్యవధి సినిమాలో కథానాయకుడికి ఉంటుంది. మా తమ్ముడికి ఉండదు.

ఇది నేను అన్నప్పుడు తమ్ముడు మొదటిసారి ఊరకుండిపోయాడు. మా మరదలు మాత్రం, “అయితే ఏం చేయాల వదినా?” అంది. ఆమెకు వాదం గెలవడం కాదు కావలసింది.

ఏం చేయాలో కాపరులే చెప్పారు. చీకటి విడిచేదాకా కొండ అంచుకు పోకూడదు. పోతే ఒంటరిగా పోకూడదు. పొదల దగ్గర గట్టిగా మాట్లాడుతూనో, కర్రతో రాళ్లు తడుతూనో నడవాలి. దూరానికి వెలుగు పడే టార్చి ఉండాలి. ముందు నడిచే కుక్క కంటే వెనక నడిచే కుక్క మేలట, ముందు నడిచేది ఎలుగుబంటిని లేపి, దాన్ని వెంటేసుకుని యజమాని దగ్గరికే పరుగెత్తి వస్తుంది. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. నా పుస్తకంలో రాసుకున్నాను.

ఆ సాయంత్రం మా లెక్క ఇలా తేలింది. మంచి టార్చి ఒకటి, మోకాళ్ల దాకా వచ్చే బూట్లు ఒక జత, కమ్మరి చేత కొన తొడిగించిన ఆరడుగుల వెదురుకర్ర, మెడలో వేసుకునే ఈల. అన్నీ కలిపి కొన్ని వేలు. మంచె మీదికి మనిషి తోడుగా ఉండడానికి పక్కచేని వాళ్లతో వంతులు కుదిరాయి. అందులో అన్నిటికంటే ధర ఎక్కువ పలికింది అదే, ఎందుకంటే ఆ పక్కచేని వాళ్లతో మా చిన్నాయనకు గట్టు తగాదా పన్నెండేళ్లుగా నడుస్తోంది. పోయి మాట్లాడి వచ్చాడు. ఏమి మాట్లాడాడో చెప్పలేదు.

తుపాకి తమ్ముడి పేరుకు మారాలి. ఇక్కడ నేను కనిపెట్టిన సంగతికి ఇంట్లో నా పరపతి పెరిగింది. 2016 ఆయుధాల నియమాల ప్రకారం తుపాకి వారసుడికి పోవడానికి యజమాని చనిపోనవసరం లేదు. ఆయనకు 70 ఏళ్లు నిండినా, లేక తుపాకి 25 ఏళ్లు ఆయన దగ్గర ఉన్నా, బతికి ఉండగానే వారసుడి పేరున లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. చిన్నాయనకు రెండు అర్హతలూ ఉన్నాయి. ఆయనకు 73. చదివి వినిపిస్తే, “సర్కారు నన్ను ముందే పంపించేస్తాంది” అన్నాడు గాని, సంతకం పెట్టడానికి కళ్లజోడు తెమ్మన్నాడు.

2019 సవరణ తరువాత లైసెన్సు అయిదేళ్లకు ఇస్తున్నారు, మునుపు మూడేళ్లే. తమ్ముడికి తుపాకి పట్టే తరిఫీదు కాగితం కావాలట. దరఖాస్తు వెళ్లింది. ఆఫీసులో ఫైలు కదలడం మా మద్దిలేటిలో నీళ్లు పారడం వంటిది. వస్తుందని అందరూ అంటారు, ఏ రోజు వస్తుందో ఎవరూ చెప్పరు. ఈలోగా తుపాకి చిన్నాయన పేరునే ఉంది కాబట్టి మందు కూరి పేల్చే పని ఆయనదే. వారంలో రెండు రాత్రులు మంచె ఎక్కుతున్నాడు. వద్దంటే, “లైసెన్సు నాది” అంటున్నాడు.

మరదలి గొలుసు బీరువాలోనే ఉంది. మొన్న నేను వెళ్లినప్పుడు కాయ ఊరుతోంది. రాత్రి పదకొండు గంటలప్పుడు కొండ వైపు నుంచి దుమ్మని వినిపించింది. మరదలు లేచి కూర్చుంది, విని, “మామ” అంది. కాసేపటికి ఈల కూడా వినిపించింది, ఒకటి మా వాళ్లది, ఒకటి పక్కచేని వాళ్లది. ఆమె బిడ్డ మీది దుప్పటి సర్ది, పడుకుంది.